జవాబు ఏ వాక్యంలో ఉంది?

మా అక్క కూతురు ఈ ఏడాది స్కూలు చివరి పరీక్ష రాయబోతోంది. ఇంగ్లీషులో వ్యాకరణం బిట్లు బాగా చేస్తుంది, ఉత్తరాలూ వ్యాసాలూ ఫరవాలేకుండా రాస్తుంది, కానీ అంతకుముందు ఎన్నడూ చూడని ప్యాసేజీ ఇచ్చి ప్రశ్నలు అడిగే కాంప్రహెన్షన్ భాగంలో మాత్రం ప్రతిసారీ సగం మార్కులు పోగొట్టుకునేది. ఎన్ని ఎక్కువ చేస్తే అంత బాగా వస్తుందని అందరూ చెప్పిన మాట నమ్మి, రోజుకు రెండు ప్యాసేజీల చొప్పున రెండు నెలలపాటు చేసింది. ప్యాసేజీ చదవడం, జవాబులు గుర్తించడం, గైడు చివర ఉన్న కీతో సరిచూసుకోవడం, మార్కులు వేసుకుని పేజీ తిప్పేయడం, ఇదే వరస. నూరుకు పైగా ప్యాసేజీలు పూర్తయిన తర్వాత మొదటి వారం మార్కులనూ చివరి వారం మార్కులనూ పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. “నాకు ఇంగ్లీషు రాదేమో పిన్నీ” అంది. రోజూ గంటసేపు ఒళ్లు వంచి కష్టపడిన పిల్ల నోటి నుంచి ఆ మాట వినడం నాకు చాలా బాధ కలిగించింది.

ఆ రాత్రి ఆమె పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చూశాను. తప్పయిన ప్రతి జవాబు పక్కనా ఎర్ర పెన్నుతో సరైన జవాబు అక్షరం రాసి ఉంది. ఆ తప్పు ఎందుకు జరిగిందో, సరైన జవాబు ప్యాసేజీలో ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఒక్కచోట కూడా రాసి లేదు. గంటలో యాభై అయిదు నిమిషాలు పరీక్ష రాసుకోవడానికీ, అయిదు నిమిషాలు మార్కులు లెక్కపెట్టుకోవడానికీ పోయాయి, నేర్చుకోవడానికి అసలు సమయమే మిగలలేదు. మర్నాటి నుంచి మేము పద్ధతి మార్చుకున్నాము. రోజుకు ఒకే ప్యాసేజీ చేస్తాము. ఆమె ఏ జవాబు చెప్పినా, అది సరైనదైనా తప్పైనా, నేను ఒకే మాట అడుగుతాను: “జవాబు ఏ వాక్యంలో ఉంది?” ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేకపోతే జవాబు సరైనదే అయినా దానికి మార్కు లేదని ముందే ఒప్పందం చేసుకున్నాము.

ఈ పద్ధతి వల్ల ఏమి బయటపడిందో చెప్పడానికి ఒక్క ప్యాసేజీని కొంచెం దగ్గరగా చూపిస్తాను. అంధుల కోసం లిపిని రూపొందించిన లూయీ బ్రెయిలీ గురించి ఆమె కోసం నేనే రాసి ఇచ్చిన ప్యాసేజీ అది. 1809లో పుట్టిన బ్రెయిలీ చిన్నతనంలోనే తండ్రి పనిచేసే చోట జరిగిన ప్రమాదం వల్ల చూపు కోల్పోవడం, 1819లో పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరడం, ఛార్లెస్ బార్బియే అనే వ్యక్తి తయారుచేసిన ఉబ్బెత్తు చుక్కల పద్ధతిని అక్కడ తెలుసుకోవడం, ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండడంతో అది వేలికొసకు ఒక్క స్పర్శలో అందదని గ్రహించి దాన్ని ఆరు చుక్కలకు కుదించడం, 1829లో ఆ పద్ధతిని ప్రచురించడం, ఇవన్నీ అందులో వరుసగా ఉన్నాయి. బార్బియే పద్ధతి చదవడానికి ఎందుకు కష్టంగా ఉండేది అన్నది మొదటి ప్రశ్న. “బ్రెయిలీకి చూపు లేదు కాబట్టి” అని రాసింది. వాక్యం చూపించమంటే, చూపు పోయిందని చెప్పే వాక్యం మీద వేలు పెట్టింది. ఆ వాక్యం నిజమే, కానీ అడిగిన ప్రశ్నకూ దానికీ సంబంధం లేదు. చుక్కల సంఖ్య గురించి చెప్పే వాక్యం అయిదు పంక్తుల కింద ఉంది. ప్రశ్నలో ‘బార్బియే పద్ధతి’ అన్న మాట మీద ఆమె దృష్టి నిలవలేదు, ‘కష్టం’ అన్న మాట మాత్రమే పట్టుకుని, అంధుడి జీవితంలో కష్టం ఏమిటో ఊహించి జవాబు రాసేసింది.

రెండో తప్పు ఇంకా ముఖ్యమైనది. ప్యాసేజీ చివరి వాక్యం ఇలా ఉంటుంది: “నాట్ అంటిల్ 1854, టూ ఇయర్స్ ఆఫ్టర్ హిజ్ డెత్, డిడ్ ది స్కూల్ దట్ హాడ్ ట్రెయిన్డ్ హిమ్ అఫిషియల్లీ అడాప్ట్ హిజ్ సిస్టమ్.” దాని మీద అడిగిన ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఇచ్చాను. ఆ పాఠశాల బ్రెయిలీ లిపిని ఎన్నడూ స్వీకరించలేదన్న ఆప్షన్‌ను ఆమె గుర్తించింది. ఈసారి వేలు సరైన వాక్యం మీదే ఉంది. వాక్యం దొరికినా అర్థం దొరకలేదన్నమాట. ‘నాట్’ కనిపించింది, ‘అడాప్ట్’ కనిపించింది, రెండూ కలిపి ‘స్వీకరించలేదు’ అనుకుంది. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, “1854 దాకా స్వీకరించలేదు” అని మెల్లగా చెప్పింది. “అయితే 1854లో ఏమయింది?” అని అడిగాను. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. తెలుగులో ఆ మాట నోటి నుంచి రాగానే, ఆ ఏడాదే స్వీకరించారన్న సంగతి ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది. అంటే ఆమెకు లోపించినది ఆలోచించే శక్తి కాదు, ఇంగ్లీషు వాక్యం తన ముక్కలను ఏ వరసలో పేర్చుకుంటుందో దానికి అలవాటు పడకపోవడమే.

ఈ విషయాన్ని తెలుగు పిల్లలకు ఎవరైనా విడమరచి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, కాబట్టి మన మనసు వాక్యాంతం దాకా ఓపిక పట్టి, చివరికి వచ్చిన మాటనే అసలు మాటగా తీసుకుంటుంది. ‘బార్బియే చుక్కలతో తయారుచేసిన లిపి’ అన్నప్పుడు వివరమంతా ముందే వచ్చేసి, పేరు చివర వస్తుంది. ఇంగ్లీషులో ‘ది కోడ్’ అని పేరు ముందు చెప్పి, ‘దట్ బార్బియే హాడ్ డివైజ్డ్ విత్ డాట్స్’ అన్న వివరం తోకలా వెనక తగిలిస్తారు, ఆ తోక పూర్తయ్యాక గానీ అసలు క్రియ రాదు. పైగా అసలు క్రియ వచ్చాక కూడా ‘ఆల్దో’, ‘అన్‌లెస్’, ‘వైల్’ వంటి మాటలతో మరో ఉపవాక్యం చేరుతుంది. చివరి ముక్కనే అసలు మాటగా తీసుకునే అలవాటున్న పిల్ల ఆ ఉపవాక్యాన్ని ప్రధాన విషయంగా పొరబడుతుంది. దీనికి మేము చేసే అభ్యాసం చాలా చిన్నది. పొడుగాటి వాక్యం ఎదురైతే పెన్సిల్‌తో ముందు అసలు క్రియ కింద గీత గీయాలి, తర్వాత ఆ పని ఎవరు చేశారో వెతికి ఆ మాట చుట్టూ గుండ్రం చుట్టాలి, ఆ తర్వాతే మిగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా ఎవరికి చెందినవో అడగాలి. రోజుకు మూడు వాక్యాలు చాలు. మొదట్లో ఒక్కో వాక్యానికి అయిదు నిమిషాలు పట్టేది, నెల తిరిగేసరికి పెన్సిల్ అవసరం లేకుండానే కన్ను క్రియ దగ్గర ఆగడం నేర్చుకుంది.

‘ఇట్’, ‘దే’, ‘దిస్’, ‘ది ఫార్మర్’ (ముందు చెప్పినది), ‘ది లాటర్’ (తర్వాత చెప్పినది) వంటి మాటలు కూడా ఇలాంటివే. తెలుగులో సందర్భం బట్టి తెలిసిపోయే చోట సర్వనామాన్ని మనం వదిలేస్తాము, ఇంగ్లీషు వదలదు. అందువల్ల ఒక పేరాలో ‘ఇట్’ నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ వేర్వేరు వస్తువులను సూచించవచ్చు. ప్రతి ‘ఇట్’ నుంచి అది సూచించే మాట దాకా బాణం గీయమంటే, మొదటి రోజున ఆమె గీసిన ఆరు బాణాల్లో మూడు తప్పుచోటికి వెళ్లాయి.

పదాల సంగతికి వస్తాను. అర్థం తెలియని మాట కనిపిస్తే సందర్భం బట్టి ఊహించాలని ప్రతి గైడులోనూ రాసి ఉంటుంది. ఆ సలహా మంచిదే, కానీ దానికి ఒక హద్దు ఉంది. పదాల అభ్యాసం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన పాల్ నేషన్, మార్సెల్లా హు అనే మరో పరిశోధకురాలితో కలిసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఎవరి సాయమూ లేకుండా కథను బాగా అర్థం చేసుకోవడానికి అందులోని మాటల్లో దాదాపు 98 శాతం తెలిసి ఉండాలని తేల్చారు. మూడు వందల మాటల ప్యాసేజీకి ఆ లెక్క వేస్తే తెలియని మాటలు ఆరుకు మించకూడదు. ముప్ఫై మాటలు తెలియని పిల్లను సందర్భం బట్టి ఊహించమంటే, సందర్భమే తెలియనప్పుడు దేన్ని బట్టి ఊహిస్తుంది? కాబట్టి అభ్యాసానికి ప్యాసేజీ ఎంచుకునే ముందు మొదటి వంద మాటల్లో తెలియనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు మూడు ఉంటే ఆ ప్యాసేజీ సరిగ్గా సరిపోతుంది, పది ఉంటే దాన్ని పక్కనపెట్టి తేలికైనది తీసుకోవడంలో తప్పేమీ లేదు. మేము రెండు నెలలపాటు కింది తరగతుల పుస్తకాల్లోని ప్యాసేజీలే చదివాము. ‘ఇంత చిన్న పిల్లల పాఠాలా’ అని ఆమె మొదట చిన్నబుచ్చుకుంది గానీ, ఆ రెండు నెలల్లోనే చదవడం మీద భయం పోయింది.

నిఘంటువును మేము ప్యాసేజీ మధ్యలో తెరవము. తెలియని మాట కింద చుక్క పెట్టి ముందుకు వెళ్లి, ప్రశ్నలన్నీ పూర్తయ్యాక చూస్తాము. ఊహించిన అర్థాన్ని ముందు తెలుగులో రాసి, ఆ తర్వాత నిఘంటువులోని అర్థాన్ని దాని పక్కన రాస్తుంది. రెండూ దగ్గరగా ఉన్న రోజు ఆమె సంతోషం చూడాలి. మాటను ఒంటరిగా కాకుండా, అది వచ్చిన వాక్యంతో సహా రాసుకోవడం మరీ అవసరం, ఎందుకంటే పరీక్షలో అడిగేది ‘ఈ ప్యాసేజీలో ఈ మాటకు అర్థం ఏమిటి’ అనే. బ్రెయిలీ ప్యాసేజీలోని ‘అడాప్ట్’ అన్న మాటకు నిఘంటువు మొదట ఇచ్చే అర్థం దత్తత తీసుకోవడం కావచ్చు, కానీ పాఠశాల ఏ లిపినీ దత్తత తీసుకోదు.

వేగం గురించి కూడా పిల్లలను అనవసరంగా భయపెడుతున్నారని నా అభిప్రాయం. చదివిన పంక్తికి మళ్లీ వెనక్కి వెళ్లకూడదని, అది చెడ్డ అలవాటని కొందరు బోధిస్తారు. చదివేటప్పుడు కళ్లు ఎలా కదులుతాయో పరిశీలించే శాస్త్రం ఇందుకు భిన్నంగా చెబుతుంది. బాగా చదవగలిగిన పెద్దవాళ్ల కళ్లు కూడా ప్రతి పది కదలికల్లో ఒకటి రెండుసార్లు వెనక్కి వెళుతుంటాయి. ఎలిజబెత్ షాటర్, రాండీ ట్రాన్, కీత్ రేనర్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, చదివేసిన మాటలు వెంటనే తెర మీద కనబడకుండా చేసి, వెనక్కి చూసే వీలు లేకుండా చేస్తే, పాఠకులకు వాక్యాలు అర్థం కావడం స్పష్టంగా తగ్గింది. కాబట్టి అర్థం కాని చోట వెనక్కి వెళ్లడం తెలివైన పాఠకులు చేసే పనే. మా అక్క కూతురికి ఈ సంగతి చెప్పిన రోజు నుంచి ఆమె ఒక వాక్యాన్ని రెండుసార్లు చదవడానికి సిగ్గుపడటం మానేసింది. గడియారం పెట్టుకుని చదవడం మేము పరీక్షకు ఆరు వారాల ముందు మాత్రమే మొదలుపెట్టాము, అదీ వారానికి రెండు రోజులు.

ప్రశ్నలు ముందు చదవాలా, ప్యాసేజీ ముందు చదవాలా అని నన్ను చాలామంది అడుగుతారు. ప్రశ్నల్ని మాత్రం ఒకసారి చూసి, ఆప్షన్లను చూడకుండా ప్యాసేజీలోకి వెళ్లమని చెబుతాను. ప్రశ్నలు చూస్తే ప్యాసేజీ దేని గురించో ముందే కొంత తెలుస్తుంది, అది చిన్న సాయమేమీ కాదు. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బట్టలు ఉతకడం గురించి, ఆ మాట ఎక్కడా రాకుండా ఒక పేరా రాసి జనం చేత చదివించారు. విషయం ఏమిటో ముందే చెప్పినవాళ్లకు అది సులువుగా అర్థమైంది, చెప్పనివాళ్లకు, చదివేశాక చెప్పినవాళ్లకు కూడా, అది అయోమయంగానే మిగిలింది. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అయితే ఆప్షన్లు ముందే చదివితే మాత్రం నష్టమే ఎక్కువ, ఎందుకంటే నాలుగింటిలో మూడు అబద్ధాలు, ప్యాసేజీ చదవకముందే ఆ అబద్ధాలు మనసులో కూర్చుంటాయి.

తప్పు ఆప్షన్లను ఎలా తయారుచేస్తారో తెలుసుకోవడానికి ఆమె చేతనే వాటిని తయారుచేయించాను. ప్యాసేజీ ఇచ్చి, ఒక ప్రశ్నా ఒక సరైన జవాబూ మూడు తప్పు జవాబులూ రాయమంటే, రెండు రోజులు తల పట్టుకుంది. మూడో రోజు రాసిన ఆప్షన్లు నన్నే మోసం చేసేటంత బాగున్నాయి. ప్యాసేజీలో ‘సమ్’ అని ఉన్నచోట ‘ఆల్’ అని మార్చింది, ‘మే’ అని ఉన్నచోట ‘విల్’ అని రాసింది, ప్యాసేజీలో నిజంగా ఉన్న వాక్యాన్నే తీసుకుని ప్రశ్నకు సంబంధం లేకుండా పెట్టింది. ఆ తర్వాత ఆమె ఆప్షన్లు చదివే తీరే మారిపోయింది. ‘ఓన్లీ’, ‘ఆల్వేస్’, ‘నెవర్’ వంటి మాటలు కనిపించగానే పెన్ను అక్కడ ఆగుతుంది. గైడు కొని మరో వంద ప్యాసేజీలు చేయించడం కంటే ఆ మూడు రోజులు ఎక్కువ ఫలితమిచ్చాయి.

సొంత మాటల్లో జవాబు రాయవలసిన ప్రశ్నల గురించి ఒక్క మాటే చెబుతాను. ప్యాసేజీలోని వాక్యాన్ని యథాతథంగా దించేస్తే అందులోని ‘హీ’, ‘దిస్’ వంటి మాటలు ఎవరిని సూచిస్తున్నాయో తెలియకుండా పోతుంది, కాబట్టి సర్వనామం స్థానంలో పేరు పెట్టి, ప్రశ్న ఏ కాలంలో అడిగారో ఆ కాలంలోనే జవాబు రాయాలి.

తప్పుల కోసం ఒక ప్రత్యేకమైన నోటుబుక్కు పెట్టుకున్నాము. పేజీకి నాలుగు గడులు గీసి, ప్రశ్న, నేను రాసినది, జవాబు ఉన్న వాక్యం, ఎందుకు తప్పాను అని పైన రాసుకుంది. నాలుగో గడిలో ‘అజాగ్రత్త’ అని రాయడానికి వీల్లేదని మాత్రం గట్టిగా చెప్పాను. అజాగ్రత్త అని రాసుకుంటే రేపు ఏమి మార్చుకోవాలో తెలియదు. ‘నాట్ అంటిల్ అర్థం కాలేదు’, ‘ప్రశ్నలో ఎక్సెప్ట్ అన్న మాట చూడలేదు’, ‘నాకు ముందే తెలిసిన సంగతి రాసేశాను’ అని రాయాలి. నలభై తప్పులు చేరిన తర్వాత లెక్కపెడితే పదిహేడు ఈ చివరి రకానివే. ప్యాసేజీ ఏమి చెబుతోందో చూడకుండా తనకు తెలిసినది రాయడం ఆమె ప్రధానమైన లోపమని అప్పుడే ఇద్దరికీ అర్థమైంది. వారం తర్వాత పాత ప్యాసేజీని మూసిపెట్టి, అందులో ఏముందో జ్ఞాపకం ఉన్నంత వరకు చెప్పమంటాను. రోడిగర్, కార్పికీ 2006లో చూపించినట్టు, మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ సంగతులు జ్ఞాపకం ఉంటాయి.

పోయిన వారం మాజెల్లాన్ నౌకాయాత్ర గురించిన ప్యాసేజీ చేసింది. ఆ యాత్రలో భూమిని మొదటిసారి పూర్తిగా చుట్టి వచ్చిన నౌకకు చివర్లో నాయకుడు ఎవరు అన్న ప్రశ్నకు గైడులోని కీ ‘మాజెల్లాన్’ అని చెబుతోంది. ఆమె ‘ఎల్కానో’ అని రాసింది. కీ చూసి నేను తప్పు గుర్తు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. “మాజెల్లాన్ అనే నేనూ స్కూల్లో చదువుకున్నాను పిన్నీ, కానీ ఈ వాక్యం చూడు” అని వేలు పెట్టింది. మాజెల్లాన్ 1521లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన పోరులో మరణించాడని, తనతో కలిపి మిగిలిన పద్దెనిమిది మందితో విక్టోరియా అనే నౌకను 1522లో స్పెయిన్‌కు చేర్చినవాడు ఎల్కానో అని ఆ వాక్యంలో స్పష్టంగా ఉంది. నేను రెండుసార్లు చదివాను. కీలో ఉన్న పేరును కొట్టేసి, పక్కన ఆ పంక్తి సంఖ్య రాసి, నోటుబుక్కు మూసి లోపల పెట్టుకుంది.